కాపురానికి జీతపు కొలబద్ద

భార్యాభర్తలు ఒకే ఇంట కలసి ఉండడానికి ఏడాదికి ఎంత ఆదాయం కావాలి? ఈ ప్రశ్నకు మన ఇళ్లలో ఎవరి స్తోమతును బట్టి వారు జవాబు చెప్పుకుంటారు. బ్రిటిష్ ప్రభుత్వం మాత్రం దానికి ఒక అంకె నిర్ణయించింది. ఆ అంకె 29,000 పౌండ్లు. పౌండు విలువ నూరు రూపాయలు దాటిన మారకం రేటులో అది మన లెక్కకు 30 లక్షల రూపాయల పైమాటే. బ్రిటిష్ పౌరులు గాని, అక్కడ శాశ్వత నివాస హక్కు పొందినవారు గాని పరాయి దేశస్థులైన తమ భార్యను లేదా భర్తను రప్పించుకోవాలంటే ఈ ఆదాయం ఉన్నట్టు రుజువు చూపాలని 2024 ఏప్రిల్ 11న అమలులోకి వచ్చిన నిబంధన ఆదేశిస్తున్నది.

రుజువు చూపడం ఒక్కసారితో ముగిసే వ్యవహారం కాదు. స్వదేశం నుంచి దరఖాస్తు చేసుకున్నవారికి మొదట లభించేది 33 నెలల వీసా. ఆ గడువు తీరేలోగా పొడిగింపు కోరాలి. అప్పుడు మళ్లీ వేతన చీటీలు, బ్యాంకు ఖాతా వివరాలు సమర్పించాలి. పొడిగింపు లభిస్తే మరో 30 నెలలు ఉండవచ్చు. ఐదేళ్లు పూర్తయి శాశ్వత నివాసానికి దరఖాస్తు చేసేటప్పుడు మూడోసారి అదే పరీక్ష. సంబంధం కుదిరే ముందు వరుడి జీతం ఆరా తీయడం మన పెద్దలకు కొత్త కాదు. కాని పెళ్లయి, కాపురం సాగుతుండగా మళ్లీ మళ్లీ జీతం లెక్క అడిగే వియ్యంకులు మన సమాజంలోనూ అరుదు.

వీసా మొదట ఇచ్చేనాడు ఆదాయం అడగడంలో కొంత హేతువు ఉన్నదని ఒప్పుకోవచ్చు. కాని ఆ వీసాను పొడిగించేనాడు, కాపురం సవ్యంగా సాగుతున్నదా లేదా అన్న ప్రశ్నతో సమానంగా జీతం తగ్గిందా లేదా అన్న ప్రశ్నకు విలువ కట్టడం సమంజసం కాదు. కుటుంబం తన చేతిలో లేని కారణాలవల్ల నష్టపోయినప్పుడు ఈ నిబంధన ఆ నష్టానికి రెండో శిక్షను జతపరుస్తున్నది.

ఉక్కు నగరానికి సంబంధమేమిటి?

ఈ విషయాన్ని జంషెడ్‌పూర్ నుంచి చూస్తే మరింత స్పష్టంగా కనబడుతుంది. సువర్ణరేఖ, ఖర్కాయ్ నదుల సంగమం చెంత, సాక్చి అనే పల్లె వద్ద 1908లో నిర్మాణం మొదలై, 1912లో ఉక్కు ఉత్పత్తి ఆరంభించిన కర్మాగారం చుట్టూ పెరిగిన నగరం అది. జంషెట్జీ టాటా పేరిట 1919లో దానికి ఈ పేరు పెట్టారు. 2000 నవంబరు 15న జార్ఖండ్ రాష్ట్రం ఏర్పడేవరకు బీహారులో భాగంగా ఉన్న ఈ నగరం ఎక్కువగా వలసలతో నిర్మితమైనది. ఉత్తరాంధ్ర నుంచి పొట్ట చేతపట్టుకుని వెళ్లిన తెలుగువారు అక్కడ కొలిమి పనిలో, రైల్వేలో, దుకాణాల్లో, గుమాస్తా కొలువుల్లో స్థిరపడి తరాలు గడిచాయి. బిష్టుపూర్‌లోని ఆంధ్ర భక్త శ్రీరామ మందిరం ఆ వలసకు నిలిచిన సాక్ష్యం.

ఆ వలస మొదట ఒంటరి మగవారి వలసగానే ఉండేది. జీతం కుదుటపడ్డాక భార్యను, పిల్లలను తెచ్చుకున్నారు. ఆ కర్మాగారంలో 1912లోనే ఎనిమిది గంటల పనిదినం, 1920లో భవిష్యనిధి, 1928లో ప్రసూతి ప్రయోజనం అమలులోకి వచ్చాయి. ఇవన్నీ యాజమాన్యం దయాదాక్షిణ్యాలని అనుకోనక్కరలేదు. 1920లో, 1928లో అక్కడ పెద్ద సమ్మెలు జరిగాయి. సుభాష్ చంద్రబోస్ అక్కడి కార్మిక సంఘానికి 1928లో అధ్యక్షత స్వీకరించారు. ఎవరి చొరవతో వచ్చినా, ఆ ఏర్పాట్లన్నిటి వెనుక ఒక ఆలోచన ఉన్నది. పనిచేసే మనిషికి కుటుంబం ఉంటుంది, జీతం ఆ కుటుంబం కోసమే అన్నదే ఆ ఆలోచన. బ్రిటన్ నిబంధన దీన్ని తలకిందులు చేసింది. ముందు జీతం చూపితేనే కుటుంబం ఉండవచ్చునని అది అంటున్నది.

పోర్ట్ టాల్బట్ పాఠం

జంషెడ్‌పూర్‌కు, బ్రిటన్‌కు మధ్య మరో బంధం కూడా ఉన్నది. 2007లో టాటా స్టీల్ కోరస్ సంస్థను కొనుగోలు చేయడంతో వేల్స్‌లోని పోర్ట్ టాల్బట్ ఉక్కు కర్మాగారం జంషెడ్‌పూర్‌లో పుట్టిన సంస్థ ఏలుబడిలోకి వచ్చింది. నష్టాలు, కర్బన ఉద్గారాల తగ్గింపు కారణాలుగా చూపి అక్కడి రెండు బ్లాస్ట్ ఫర్నేసులను మూసివేయనున్నట్టు, 2,800 వరకు ఉద్యోగాలు పోనున్నట్టు సంస్థ 2024 జనవరిలో ప్రకటించింది. రెండో ఫర్నేసు ఆ ఏడాది సెప్టెంబరు 30న ఆరిపోయింది. వాటి స్థానంలో విద్యుత్ కొలిమి నిర్మాణానికి 125 కోట్ల పౌండ్ల పథకం రూపొందగా, అందులో 50 కోట్లు బ్రిటిష్ ప్రభుత్వమే సమకూరుస్తున్నది.

ఈ మూసివేత మంచిచెడ్డలు ఇక్కడ చర్చనీయాంశం కాదు. కాని ఒకే సంవత్సరంలో జరిగిన రెండు సంఘటనలను పక్కపక్కన పెట్టి చూడాలి. ఏప్రిల్‌లో ప్రభుత్వం కాపురానికి కావలసిన ఆదాయాన్ని 29,000 పౌండ్లకు పెంచింది. సెప్టెంబరులో, అదే ప్రభుత్వపు ఆర్థిక సాయంతో సాగే మార్పులో భాగంగా, ఒక పట్టణానికి ప్రధాన జీవనాధారమైన కొలిమి ఆరింది. అలాంటి పట్టణంలో కొలువు పోయిన మనిషికి వేరే పని దొరకవచ్చు. కాని పాత జీతమే దొరుకుతుందన్న హామీ లేదు. ఆ మనిషి భార్య భారతీయురాలై, ఆమె వీసా గడువు ఆ ఏడాదే తీరుతున్నదనుకుందాం. ఆమె పొడిగింపు దరఖాస్తు ఎదుర్కొనే మొదటి చిక్కు దాంపత్యంలో కలతలు కావు, ఉక్కు పరిశ్రమలోని సంక్షోభం. ఉద్యోగం పోయిన ఇంటికి తోడు అవసరమైన సమయంలోనే, ఆ తోడుకు గల హక్కు సందేహంలో పడుతున్నది.

నిబంధన నడిచే తీరు

నిబంధనలోని మెలికలు తెలిస్తే గాని దీని బరువు బోధపడదు. ఒకే యజమాని వద్ద ఆరు నెలలుగా పనిచేస్తున్న వారు ఆరు నెలల వేతన చీటీలు, ఆ జీతం జమ అయినట్టు బ్యాంకు వివరాలు చూపాలి. నిర్దిష్టమైన జీతం గల ఉద్యోగి విషయంలో ఆ ఆరు నెలల్లో అతి తక్కువగా ఉన్న జీతపు స్థాయినే ఏడాది ఆదాయంగా లెక్కకడతారు. ఉద్యోగం మారి ఆరు నెలలు నిండకపోతే ప్రస్తుత జీతంతో పాటు గత 12 నెలల సంపాదన కూడా పరిమితిని దాటాలి. స్వయం ఉపాధి పొందేవారు పూర్తి ఆర్థిక సంవత్సరపు లెక్కలు చూపాలి. ఆదాయం చాలనివారు పొదుపు సొమ్ము చూపవచ్చు గాని, మొదటి 16,000 పౌండ్లను లెక్కలోకి తీసుకోరు. ఆపై సొమ్ములో లోటుకు రెండున్నర రెట్లు ఉండాలి. ఆదాయం బొత్తిగా లేనివారు 88,500 పౌండ్లు ఆరు నెలలపాటు ఖాతాలో నిలిపి చూపాలన్నమాట.

మొదటి వీసాకు దరఖాస్తు చేసేటప్పుడు ఉద్యోగ ఆదాయం విషయంలో బ్రిటన్‌లో ఉన్న భాగస్వామి జీతాన్నే చూస్తారు. జంషెడ్‌పూర్‌లో మంచి జీతం తెచ్చుకునే ఇంజనీరు అయినా సరే, అక్కడికి వెళ్లబోయే భార్య జీతానికి విలువ లేదు. పొడిగింపు దశలో మాత్రం పరిస్థితి కొంత మెరుగు. అప్పటికి ఆమెకు అక్కడ పనిచేసే హక్కు ఉంటుంది గనుక ఇద్దరి సంపాదననూ కలిపి చూపవచ్చు. ఈ సౌలభ్యాన్ని తెలుసుకోవడం పెళ్లిళ్లు కుదుర్చుకునే కుటుంబాలకు అత్యవసరం. అయితే కొత్త దేశంలో అడుగుపెట్టి, చదువుకు గుర్తింపు తెచ్చుకుని, ఈలోపు బిడ్డ పుడితే ఆ బిడ్డను చూసుకుంటూ, గడువు నాటికి ఆరు నెలల వేతన చీటీలు సిద్ధం చేసుకోవడం అందరు స్త్రీలకూ సాధ్యం కాదు. తల్లి అయిన స్త్రీ ఇంటిపట్టున ఉండడం ఆ లెక్కలో సున్నాగానే నమోదవుతున్నది.

దీనిలో మరో ప్రమాదం ఉన్నది. భర్త ఆదాయమే ఆధారమైనప్పుడు, అతని వేతన చీటీలు, బ్యాంకు కాగితాలు అతను ఇస్తేనే భార్య వీసా పొడిగింపు సాధ్యం. సఖ్యత ఉన్న ఇంట ఇది సమస్య కాదు. సఖ్యత లేని ఇంట ఆ కాగితాలే బెదిరింపు సాధనాలవుతాయి. గృహహింసకు గురైన భార్యకో భర్తకో, భాగస్వామి ఆదాయంతో నిమిత్తం లేకుండా నివాస హక్కు కోరే ప్రత్యేక మార్గం బ్రిటన్ చట్టంలో ఉన్నది. విదేశీ సంబంధానికి పిల్లనిచ్చే ప్రతి తల్లీతండ్రీ తెలుసుకోవలసిన అంశమిది.

ఆదాయ పరీక్షలో నెగ్గలేనివారందరినీ వెంటనే పంపివేస్తారని కూడా చెప్పలేము. దంపతులు వేరే దేశంలో కాపురం చేయడానికి అధిగమించలేని ఆటంకాలున్నాయని గాని, బ్రిటిష్ పౌరసత్వం గల బిడ్డను దేశం విడిచి వెళ్లమనడం న్యాయం కాదని గాని తేలితే వీసా ఇవ్వవచ్చు. కాని అప్పుడు శాశ్వత నివాసానికి ఐదేళ్ల మార్గం పదేళ్ల మార్గంగా మారుతుంది. ప్రతి 30 నెలలకు దరఖాస్తు రుసుము, ఆరోగ్య సర్‌చార్జి మళ్లీ కట్టాలి. 2025 ఏప్రిల్‌లో నిర్ణయించిన ప్రకారం దరఖాస్తు రుసుము 1,321 పౌండ్లు. ఏడాదికి 1,035 పౌండ్ల వంతున 30 నెలలకు సర్‌చార్జి 2,587 పౌండ్లు దాటుతుంది. రెండూ కలిపితే నాలుగు లక్షల రూపాయల మాట. ఆదాయం తక్కువన్న కారణంగా ఎక్కువ ఖర్చు మోపే విధానం ఇది.

అంకె ఎక్కడినుంచి వచ్చింది?

2012కు పూర్వం ఇటువంటి స్థిరమైన అంకె లేదు. ప్రజానిధులపై ఆధారపడకుండా దంపతులు తమను తాము పోషించుకోగలరా అన్నదే ప్రశ్న. 2012 జూలైలో, థెరిసా మే హోం మంత్రిగా ఉండగా, 18,600 పౌండ్ల కనీస పరిమితి వచ్చింది. ఆ స్థాయి ఆదాయం గల జంట సాధారణంగా ఆదాయాధారిత సంక్షేమ సాయానికి అర్హత పొందదన్నది ఆ అంకెకు ఆధారం. ఇష్టమున్నా లేకున్నా దానికొక తర్కం ఉన్నది. బ్రిటన్ సుప్రీంకోర్టు 2017 ఫిబ్రవరి 22న ఇచ్చిన తీర్పులో ఆదాయ పరిమితిని సూత్రరీత్యా సమర్థించింది. అయితే పిల్లల శ్రేయస్సును, ఇతర ఆదాయ మార్గాలను తగినంతగా పరిగణించకపోవడాన్ని తప్పుపట్టింది. నిబంధనలను ప్రభుత్వం ఆ మేరకు సవరించవలసివచ్చింది.

2023 డిసెంబరులో అప్పటి హోం మంత్రి జేమ్స్ క్లెవర్లీ ఈ పరిమితిని ఏకంగా 38,700 పౌండ్లకు పెంచుతామని ప్రకటించారు. ఆ అంకె నైపుణ్యం గల విదేశీ ఉద్యోగుల వీసాకు అప్పుడు ప్రతిపాదించిన జీతం. యజమాని విదేశం నుంచి ఉద్యోగిని తెచ్చుకోవడానికి, భర్త భార్యను తెచ్చుకోవడానికి ఒకే గీటురాయిని వాడబూనుకోవడంలోనే దృష్టిలోపం వెల్లడవుతున్నది. నిరసనలు చెలరేగడంతో దశలవారీగా పెంచుతామని చెప్పి మొదటి దశగా 29,000 పౌండ్లు నిర్ణయించారు. 2024 జూలైలో అధికారానికి వచ్చిన లేబర్ ప్రభుత్వం తదుపరి పెంపును నిలిపి, విషయాన్ని వలస సలహా సంఘానికి నివేదించింది. 2025 జూన్‌లో వెలువడిన ఆ సంఘం నివేదిక, 38,700 పౌండ్ల పరిమితి మానవ హక్కుల బాధ్యతలకు విరుద్ధం కాగలదని హెచ్చరించింది. కుటుంబాలు తమను తాము పోషించుకోగలగడమే లక్ష్యమైతే 23,000 నుంచి 25,000 పౌండ్లు చాలునన్నది ఆ నివేదిక సారాంశం.

కనీస వేతనంతో పోల్చి చూస్తే ఈ అంశం మరింత తేటపడుతుంది. 2025 ఏప్రిల్‌లో బ్రిటన్ పెద్దవారికి నిర్ణయించిన చట్టబద్ధ కనీస వేతనం గంటకు 12.21 పౌండ్లు. వారానికి 40 గంటల వంతున, ఏడాదిలో ఒక్క వారమూ విరామం లేకుండా పనిచేసినా వచ్చేది 25,400 పౌండ్లకు కాస్త తక్కువ. అంటే పూర్తికాలం చట్టబద్ధంగా శ్రమించిన కార్మికుడికి కూడా 29,000 అందదు. మనిషి బతకడానికి ఈ వేతనం చాలునని ఒక శాసనం చెబుతుండగా, ఆ వేతనంతో భార్యను పోషించలేడని మరో నిబంధన చెబుతున్నది. లండన్ జీతాలకు, వేల్స్ పట్టణాల జీతాలకు ఎంతో అంతరం ఉన్నా గీటు మాత్రం ఒక్కటే.

ఖజానా వాదం

ప్రభుత్వం చెప్పే సమాధానాన్ని కూడా ఆలకించాలి. వచ్చినవారు ప్రజల సొమ్ముపై భారం కాకూడదన్నది ప్రధానవాదం. ఏ దేశపు పన్ను చెల్లింపుదారు అయినా అలా కోరుకోవడం సహజమే. బడి, ఇల్లు, రోడ్డు మొదలైన సౌకర్యాలపై ఒత్తిడి గురించి ఆలోచించడం ప్రభుత్వ బాధ్యత కూడా. కాని దంపతుల వీసాపై వెళ్లినవారికి శాశ్వత నివాసం లభించేవరకు అక్కడి సంక్షేమ నిధుల్లో చాలా వాటిపై సాధారణంగా హక్కు లేదు. వైద్య సేవలకు సర్‌చార్జి ముందుగానే చెల్లిస్తున్నారు. ఉద్యోగం చేస్తే పన్ను కడుతున్నారు. పొడిగింపు నిరాకరిస్తే ఖజానాకు మిగిలేదేమిటో చెప్పడం కష్టం. పైగా ఒంటరిగా మిగిలిన తల్లి గాని తండ్రి గాని బిడ్డను పెంచడానికి సంక్షేమ సాయాన్ని ఆశ్రయించవలసివస్తే, ఖజానా భారం పెరుగుతుందే తప్ప తగ్గదు.

ఇతర దేశాలు ఇదే సమస్యను మరో విధంగా పరిష్కరించుకున్నాయి. తెలుగువారు ఎక్కువగా వెళ్లే అమెరికాలో భార్యకో భర్తకో శాశ్వత నివాసం కోరేవారు దారిద్ర్యరేఖకు 125 శాతం ఆదాయం చూపి, పోషణకు హామీపత్రం ఇవ్వాలి. తమ ఆదాయం చాలకపోతే అర్హత గల మరొకరు ఉమ్మడి హామీదారుగా నిలబడవచ్చు. కొత్తగా పెళ్లయినవారికి మొదట రెండేళ్ల షరతుతో హోదా ఇచ్చి, ఆ షరతు తొలగించే సమయంలో పరిశీలించేది పెళ్లి నిజమైనదా కాదా అన్నదే గాని జీతాన్ని కాదు. కెనడాలో భార్యాభర్తలను రప్పించుకోవడానికి సాధారణంగా కనీస ఆదాయ పరిమితి లేదు. మన దేశంలోనూ భారతీయులను వివాహమాడిన విదేశీయులు ప్రవాస భారతీయ పౌర కార్డు కోరినప్పుడు, భద్రతా పరిశీలనతో పాటు, నమోదైన వివాహం రెండేళ్లు నిరంతరాయంగా నిలిచి ఉండాలని చట్టం కోరుతున్నది. ఈ దేశాల వలస విధానాలలో వేరే లోపాలు ఎన్నో ఉండవచ్చు. కాని కొనసాగింపు దశలో దాంపత్యాన్ని దాంపత్యంగానే చూడవచ్చునని అవి నిరూపిస్తున్నాయి.

ముందున్న గడువు

ఇది దూరాన ఉన్న సమస్య కాదు. 2024 ఏప్రిల్ 11కు ముందు దరఖాస్తు చేసుకుని ఈ మార్గంలో ప్రవేశించినవారికి, అదే భాగస్వామితో కొనసాగినంతకాలం, పొడిగింపుకు పాత 18,600 పౌండ్ల పరిమితే వర్తిస్తుంది. ఆ తేదీ తర్వాత వచ్చినవారికి 29,000. బ్రిటన్‌లో ఉంటూనే ఈ వీసాకు మారినవారికి 30 నెలల గడువు గనుక 2026 చివరి మాసాల నుంచి, విదేశం నుంచి వెళ్లినవారికి 33 నెలల గడువు గనుక 2027 ఆరంభం నుంచి కొత్త అంకెతో పొడిగింపు పరీక్ష ఎదురవుతుంది. ఒకే వీధిలో, ఒకే జీతంతో ఉన్న రెండు జంటల్లో కొద్ది రోజుల తేడాతో ఒక జంట నెగ్గి, మరొకటి ఓడిపోవచ్చు. దరఖాస్తు తేదీకి, దాంపత్యపు యోగ్యతకు సంబంధం ఏమిటన్న ప్రశ్నకు జవాబు దొరకదు.

కనుక ఆ గడువుకు ముందే బ్రిటిష్ ప్రభుత్వం కొన్ని సవరణలు చేయవలసి ఉన్నది. పరిమితి పూర్తికాలపు కనీస వేతనాన్ని మించకూడదు. పొడిగింపు దశలో ఉద్యోగం కోల్పోయినవారికి, ప్రసూతి కారణంగా ఇంట ఉన్నవారికి కొంత వ్యవధి ఇవ్వాలి. పరిశ్రమ మూతపడిన పట్టణాల్లో ఈ వ్యవధి మరింత అవసరం. బంధువుల విశ్వసనీయమైన సాయాన్ని అసాధారణ పరిస్థితులకే పరిమితం చేయక సాధారణంగానే లెక్కించాలి. భారత ప్రభుత్వం కూడా ప్రేక్షకపాత్ర వహించరాదు. 2025 జూలై 24న బ్రిటన్‌తో కుదిరిన వాణిజ్య ఒప్పందం సందర్భంగా, తాత్కాలికంగా అక్కడ పనిచేసే మన ఉద్యోగులకు మూడేళ్లపాటు అక్కడి సామాజిక భద్రతా చందా తప్పించేందుకు మన దేశం గట్టిగా బేరమాడి అంగీకారం సాధించింది. సంస్థలకు, ఉద్యోగులకు దక్కిన ఆ శ్రద్ధలో కొంతభాగం కుటుంబాలకూ దక్కాలి.

మన కుటుంబాలు చేయవలసినదీ ఉన్నది. బ్రిటన్ సంబంధం కుదుర్చుకునేముందు జీతం ఎంత అని మాత్రమే కాక, అది ఏ యజమాని వద్ద ఎంతకాలంగా వస్తున్నది, ఏ తేదీ నాటి నిబంధన వర్తిస్తుంది అని అడగాలి. వెళ్లిన అమ్మాయి ఉద్యోగానికి వీలైనంత త్వరగా సన్నద్ధం కావాలి. తన పేరిట ఖాతా, తన కాగితాల నకళ్లు తన వద్దనే ఉంచుకోవాలి. గడువు తీరే తేదీని మరువరాదు.

అయితే ఎంత జాగ్రత్తపడినా, కొలిమి ఎప్పుడు ఆరుతుందో కార్మికుడి చేతిలో లేదు. మన దేశంలో తీసుకున్న వ్యాపార నిర్ణయం వేల్స్‌లో ఒక ఇంటి ఆదాయాన్ని తగ్గించగల కాలమిది. లండన్‌లో నిర్ణయమయ్యే అంకె జంషెడ్‌పూర్‌లోని తల్లిదండ్రులకు నిద్ర లేకుండా చేయగలదు. పెట్టుబడికి సరిహద్దులు ఇంతగా సడలినప్పుడు, భార్యాభర్తల మధ్య సరిహద్దును ఇంతగా బిగించడం ఏ ఆర్థిక నీతికీ ఒప్పదు.